గురుస్తుతియు ఋణకథనమును

ఆంధ్రవాఙ్మయమున గురుస్తుతికిఁ గొఱత లేదు. కావ్యావతారికలయం దిష్టదేవతాప్రార్థనము, సుకవిస్తుతి, కుకవినింద యనువాని సరసను గురువందనమును నిలిచియున్నది. నేఁటి పీఠికలయందును గృతజ్ఞతావాక్యములు విరివిగానే కానవచ్చును. కాని యా గురువు శిష్యున కేమి చెప్పెను, ఎట్లు చెప్పెను, ఆ చెప్పినదానివలన శిష్యుని రచనలో నేమి మాఱెను అని ప్రశ్నించినచో నా వాక్యములలోఁ బెక్కింటియందుఁ బ్రత్యుత్తరము దొరకదు. గురువు సాక్షాద్బృహస్పతి యనియుఁ, గరుణాసముద్రుఁ డనియు మాత్రమే తెలియును. బృహస్పతు లందఱు నొక్కతీరుగనే యుందురు గనుక నొక గురువునకును వేఱొక గురువునకును భేదము కానరాదు.

గురువిషయకమైన శిష్యవాక్యమును దీనినిబట్టి రెండు తెగలుగ విభజింపవచ్చును. మొదటిది స్తుతి; రెండవది ఋణకథనము. స్తుతి గురువుయొక్క మహిమను జెప్పును. ఋణకథనము శిష్యుఁడు పొందినదానిని జెప్పును. స్తుతికి భక్తి చాలును. ఋణకథనమునకు భక్తితోపాటు జ్ఞాపకశక్తియు, సత్యనిష్ఠయు, ధైర్యమును వలయును. ఏలయన, ఈ విషయము తనకుఁ దెలియకుండెననియు, ఫలానివారు చెప్పఁగాఁ దెలిసినదనియుఁ బలుకుట తన యజ్ఞానమును ముందుగ బయటఁబెట్టుకొనుటయే కదా.

పరిశోధకులకు ఈ భేదము మిక్కిలి ముఖ్యమైనది. గురువులలో గ్రంథకర్తలు కొలఁదిమంది. పాఠము చెప్పుటయందే జీవితమును గడపి, యొక్క తాళపత్రమైనను మిగుల్పక వెడలిపోయినవారు పెక్కుమంది. వారి పాండిత్యమునకును, బోధనపద్ధతికిని సాక్ష్యము శిష్యుని మాటయే. శిష్యుఁడు బృహస్పతి యని చెప్పి యూరకుండెనా, ఆ గురువు చరిత్రయు నక్కడితో ముగిసినట్లే. గ్రంథము వ్రాయని గురువునకు శిష్యుని కృతజ్ఞతయే చరిత్ర. ఆ కృతజ్ఞత యెంత స్పష్టముగ నుండునో యాచరిత్రయు నంత స్పష్టముగ నుండును.

ఈ విషయమును విచారించుటకుఁ గోనసీమ తగినచోటు. గౌతమీవసిష్ఠల నడుమ నుండి, వైనతేయచే రెండుగఁ జీలిన యీ సీమ 2022 వఱకుఁ దూర్పుగోదావరిజిల్లాలో భాగమై, ఆ యేఁటఁ బ్రత్యేకజిల్లా యైనది. ఇచ్చటి యగ్రహారములయందుఁ గృష్ణయజుర్వేదాధ్యయనము తరతరములుగ గురుముఖముననే సాగినది. సంహిత, పదము, క్రమము, జట, ఘనము – ఇవన్నియు వినికిడివలన వచ్చినవి. అట్టి విద్యలో గురువే గ్రంథము. స్వరము తప్పినచోట గురువు చేసిన దిద్దుబాటు శిష్యుని కంఠమున నిలుచును గాని కాగితముమీఁద నిలువదు. అందుచే నీసీమలో గురువులు పెక్కురు, గురుచరిత్రలు స్వల్పము.

వైనతేయకుఁ దూర్పున, అంబాజీపేట మండలములో నున్న నందంపూడి యాంధ్రకవితాచరిత్ర చదివినవారికిఁ బరిచితమైన గ్రామము. రాజరాజనరేంద్రుఁడు 1053లో నీ గ్రామమును నారాయణభట్టున కగ్రహారముగ నిచ్చినట్లు నందంపూడి తామ్రశాసనము తెలుపుచున్నది. ఆ శాసనమును రచించినవాఁడు నన్నయభట్టు. గ్రామము రెండేరుల నడిమి విషయములోనిదని యందుఁ గలదు; ఆ రెండేరుల నడిమి సీమయే నేఁటి కోనసీమ. సంస్కృతకర్ణాటప్రాకృతపైశాచికాంధ్రభాషలయందు నారాయణభట్టునకుఁ గల కవితాశక్తియు నందే వర్ణింపఁబడినది.

భారతావతారికయందు నన్నయ యీ నారాయణభట్టు తోడ్పాటును దలఁచుకొనెను. భారతయుద్ధమున నర్జునునకు నారాయణుఁడు తోడైనట్లు భారతరచనయందుఁ దనకు నారాయణభట్టు తోడయ్యెనని యాతని భావము. పేరులోని సామ్యమును బట్టి యీ యుపమానము చమత్కారమాత్రముగఁ దోఁపవచ్చును. కాని శ్రీకృష్ణుఁడు సారథ్యము చేసెనేగాని విల్లు పట్టలేదు. పోరాడిన వాఁ డర్జునుఁడు. రథము నడపినవాఁడు శ్రీకృష్ణుఁడు. ఆ రీతినే రచన నన్నయది, దారిచూపు తోడ్పాటు నారాయణభట్టుది. సాయముయొక్క స్వరూపమును, దాని మేరయు నా యొక్క పోలికలోనే యిమిడియున్నవి. చేసిన మేలును దక్కువ సేయకయు, లేనిదానిని గల్పింపకయు జెప్పుట ఋణకథనమునకు మొదటి లక్షణము.

అక్కడనే నన్నయ యాతనిని సహాధ్యాయుఁడనెను. పాఠకుఁడు దాఁటిపోవుట కవకాశమున్న మాట యిది. సహాధ్యాయు లిరువు రున్నచో వారికిఁ బాఠము చెప్పిన గురువొకఁ డుండెననుట స్పష్టమే. ఆ గురువు పేరు మన కా వాక్యమునఁ దెలియదు. అయినను బంచమవేదమును దెనిఁగించుటకుఁ గావలసిన సంస్కారమును, ఒకరి రచన కొకరు తోడుపడు నలవాటును గురుకులముననే మొలకెత్తినవని యూహించుట కా మాట చాలును. గురువు శిష్యున కిచ్చువానిలో సహాధ్యాయుఁడు నొకఁడు. ఈ సంగతి తరువాతి కవులయందు మఱల మఱలఁ గానవచ్చును.

నన్నయ దెనిఁగించిన యాదిపర్వమునందే గురుదక్షిణకు సంబంధించిన రెండుకథలు గలవు. ఉదంకుఁడు పైలుని శిష్యుఁడు. గురుపత్ని కోరఁగాఁ బౌష్యమహారాజు దేవి కుండలములను దెచ్చుట కేఁగి, త్రోవలోఁ దక్షకుఁడు వాని నపహరింపఁగా నాగలోకము దాఁకఁ బోయి సాధించితెచ్చెను. ఏకలవ్యుని కథ యింతకు భిన్నము. ద్రోణుఁడాతనిని శిష్యునిగాఁ గైకొనలేదు. ఆ నిషాదకుమారుఁడు మట్టితో గురుప్రతిమను జేసికొని తనంత విలువిద్య సాధించెను. సాధించినపిమ్మట ద్రోణుఁడు కోరిన దక్షిణ కుడిచేతి బొటనవ్రేలు.

ఈ రెండింటిని బ్రక్కప్రక్కన నుంచి చూచిన నొక తారతమ్యము తేటపడును. ఉదంకుఁడు తెచ్చినది విద్యకు వెలుపలి వస్తువు; ఏకలవ్యుఁ డిచ్చినది తన విద్యనే. మొదటిచోటఁ బాఠము చెప్పిన గురువునకు ఋణము తీఱినది. రెండవచోటఁ బాఠము చెప్పనివారికి ఋణము చెల్లింపఁబడినది. ఏకలవ్యుని గురుభక్తి లోకోత్తరమైనదే. పాఠశాలలయందు దానిని బోధించుటయుఁ దగినదే. కాని యాతనిని గొనియాడుచు ద్రోణు నడుగవలసిన ప్రశ్నను మఱచుట విమర్శకునకుఁ దగదు. తలుపు తెఱవని గురువునకు దక్షిణ నడుగు నధికార మెక్కడిది? శిష్యుని కృతజ్ఞతకు వెనుక గురువు చేసిన మే లొకటి యుండవలెను. అది లేనిచోఁ గృతజ్ఞతాబోధ బలవంతపు వసూలునకుఁ జక్కని పేరు మాత్రమే యగును.

తలుపు తెఱవఁబడనివారి మాట వచ్చినప్పుడు మొల్ల రామాయణావతారిక జ్ఞప్తికి వచ్చును. తనకు శాస్త్రపాండిత్యము లేదనియు, శ్రీకంఠమల్లేశ్వరుని వరమువలనఁ గవిత్వము గలిగినదనియు నామె చెప్పుకొనెను. తండ్రి కేసనను శివభక్తునిగఁ బేర్కొనెను. పాఠము చెప్పిన గురువని యెవ్వరిని జెప్పలేదు. దీనిని వినయోక్తిగ గ్రహించుట వాడుక. కాని కావ్యలక్షణముల నన్నింటిని బట్టికగాఁ జెప్పి తనకవి తెలియవన్న కవయిత్రికి వానిపేళ్లైనఁ దెలిసినవనుట నిశ్చయము. స్త్రీయై, కుమ్మరియింటిదిగఁ బ్రసిద్ధి కెక్కిన యామెకుఁ బేరు చెప్పుకొనఁదగిన గురుకుల మెక్కడ దొరకును? గురునామము లేకుండుటయు నొక చరిత్రాంశమే. ఎవరు స్తుతింపఁబడిరో చూచునపుడు స్తుతించుటకు గురువు దొరకనివా రెవరో కూడఁ జూడవలెను.

గురుఋణమును మాటతోఁగాక పనితోఁ దీర్చినవారిలో వెలిగందల నారయ యగ్రగణ్యుఁడు. ఆంధ్రభాగవతమున నేకాదశద్వాదశస్కంధము లాతనివి. స్కంధాంతగద్యలయం దాతఁడు తన్నుఁ బోతనామాత్యుని ప్రియశిష్యునిగఁ జెప్పుకొనెను. అంతకుమించి గురుస్తుతికై యాడంబరము సేయలేదు. గురువు చేపట్టిన గ్రంథమున లోటైన భాగమును బూర్తిచేసి, తన పేరును గురువుపేరునకు వెనుక నుంచుకొనెను. గురువు కవిత్వముతోఁ దన కవిత్వమును లోకము పోల్చి చూచుననియు, ఆ పోలికలోఁ దనకుఁ బైచేయి రాదనియు నాతఁ డెఱుఁగనివాఁడు కాఁడు. ఎఱిఁగియు నా పనికిఁ బూనుకొనుటయే యాతని గురుభక్తి.

నారయ తెనిఁగించిన యేకాదశస్కంధముననే ఋణకథనమునకు భారతీయవాఙ్మయమునఁ దలమానికమైన ఘట్టము గలదు. అవధూత యదుమహారాజునకుఁ దన గురువు లిరువదినలుగురను జెప్పును. భూమివలన నోర్పును, తేనెటీఁగవలనఁ గూడఁబెట్టుటయందలి కీడును, కొండచిలువవలన దొరికినదానితోఁ దృప్తిపడుటను, పింగళయను వేశ్యవలన నాశను విడిచినపిమ్మటఁ గలుగు శాంతిని నేర్చుకొంటినని యాతఁడు వివరించును. ఇక్కడ నే గురువునకును మహిమావర్ణనము లేదు. ఎవరివలన నేది వచ్చినదో యది మాత్రమే లెక్కగఁ జెప్పఁబడినది. వానిలో నే యొక్కటియుఁ దాను గురువునని యెఱుఁగదు. ఋణమును గుర్తించుట శిష్యుని పనియేగాని గురువు జ్ఞాపకము సేయవలసిన పనికాదని యీ ఘట్టముయొక్క తాత్పర్యము.

ఈ పద్ధతి మనదేశమునకే పరిమితమైనది కాదు. రెండవశతాబ్దిలో రోమకసామ్రాజ్యము నేలిన మార్కస్ అరీలియస్ చక్రవర్తి గ్రీకుభాషలో వ్రాసికొన్న చింతనగ్రంథముయొక్క మొదటిభాగ మంతయు నిట్టి పట్టికయే. తాతవలన, తల్లివలన, ఒక్కొక్క గురువువలన నే గుణమును, ఏ యలవాటును బొందెనో విడివిడిగఁ జెప్పెను. రస్టికస్ అను గురువు తన సొంతప్రతిని దెచ్చి యెపిక్టెటస్ బోధలను జదువనిచ్చెనని కూడ నందుఁ గలదు. ఎపిక్టెటస్ పూర్వము బానిసగ నుండినవాఁడు. చక్రవర్తి చేతికి బానిస బోధించిన గ్రంథము చేరిన దారి యా గురువు చూపినది. అట్టి చిన్నవిషయము వ్రాయఁబడుటచేతనే రస్టికస్ పాఠకుని కన్నులకుఁ గట్టును. మహాపండితుఁడని మాత్రము వ్రాసియున్నచో నాతఁడు పదిమందిలో నొకఁడై యుండును.

ఆధునికాంధ్రమున గురుశిష్యచరిత్ర చదువఁగోరువారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి నాశ్రయింపవలసినదే. ఆయన 1870లోఁ గడియమునఁ బుట్టి, కోనసీమ పొరుగుననే యున్న యానాములోఁ బాల్యవిద్య నభ్యసించిరి. యానాములోఁ దొలినాళ్లఁ జెప్పిన శతకమును స్థానికపండితులు వ్యాకరణదోషము లెన్ని యాక్షేపింపఁగా వ్యాకరణము సాంగముగఁ జదువవలెనను పట్టుదల గలిగినదని యాయన జీవితకథలయందుఁ జెప్పఁబడుచున్నది. పిమ్మటఁ గడియెద్దలోఁ జర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని వ్యాకరణము చదివిరి. తప్పుపట్టినవారును ఋణదాతలలోఁ జేరుదురనుట కిది నిదర్శనము. మెచ్చినవారి పేళ్లు పీఠికలయందు వెలయును. తప్పు చూపి చదువునకుఁ బురికొల్పినవారి పేళ్లు మాత్రము తఱచుగ మాసిపోవును.

కడియెద్దలోనే దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు వేంకటశాస్త్రిగారికి సహాధ్యాయులైరి. తిరుపతివేంకటకవులను జంట గురువుగారి పాఠశాలలోఁ గలిసినది. నన్నయనారాయణభట్టుల విషయమున నొక్క మాటలోఁ దోఁచిన సత్య మిక్కడఁ జరిత్రయందే కనఁబడుచున్నది. అవధానములతో నాంధ్రదేశమునఁ బద్యమును బల్లెపల్లెకును జేర్చిన యా జంటకుఁ బుట్టినిల్లు బ్రహ్మయ్యశాస్త్రిగారి పాఠము. నేఁటి పాఠకులలో ననేకు లాయన పేరును శిష్యులవలననే యెఱుఁగుదురు. తిరుపతిశాస్త్రిగారు గతించినపిమ్మటఁ గూడ వేంకటశాస్త్రిగారు తాము రచించినవానిని జంటపేరుతోనే ప్రకటించుచు వచ్చిరి. సహాధ్యాయునకు మూఁడుదశాబ్దులు చెల్లించిన యీ ఋణము గురుకులముపట్ల గౌరవమును గూడ సూచించుచున్నది.

వేంకటశాస్త్రిగారి వచనరచనలైన కథలు గాథలు విద్యార్థిదశను, గురువులను, నాఁటి పండితులను, వారి వాదములను జ్ఞప్తికిఁ దెచ్చుకొనుచు వ్రాసినవి. శైలి వాడుకమాటకు దగ్గఱ. ఒక ప్రసంగమునుండి మఱియొక ప్రసంగమునకుఁ బోవుచు, మఱల మొదటిదానికి వచ్చు రీతిని నడచును. క్రమము లేదని దీని నాక్షేపించుట సులభము. అయినఁ బద్యములయందలి గురుస్తుతి యియ్యలేనిదాని నీ వచన మిచ్చినది. గురువు పాఠము చెప్పు వేళ, శిష్యుల యాకలి, పరీక్షకు వచ్చిన పండితుని కోపము, ఒక ప్రయోగముమీఁద జరిగిన రచ్చ – ఇట్టివి పద్యమున నొదుగవు. పద్యము గురువును సింహాసనముమీఁదఁ గూర్చుండఁబెట్టును; వచన మాయనను దినదినజీవితములోఁ జూపును. గురుచరిత్రకుఁ గావలసినది రెండవది.

బందరు హిందూ ఉన్నతపాఠశాలలో వేంకటశాస్త్రిగా రాంధ్రపండితులుగ నుండినకాలమున విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు మున్నగువారు శిష్యులైరి. వీరిలోఁ బింగళి కాటూరి కవులు మఱల సహాధ్యాయుల జంట. వారు రచించిన సౌందరనందమును గురువుగారికే సమర్పించిరి. వస్తువును బట్టి చూచిన నీ సమర్పణ మిక్కిలి యుచితమైనది. సౌందరనందకథ యొక గురుశిష్యుల కథయే. అశ్వఘోషుని సంస్కృతకావ్యమున, కృతార్థుఁడైన నందుఁడు బుద్ధునికి మ్రొక్కి తన కృతజ్ఞతను దెలుపును. బుద్ధుఁడు తన పని ముగించుకొన్నవాఁ డిఁక నితరుల నిమిత్తము తిరుగవలెననియు, చీఁకటిలోఁ దారాడువారికి జ్ఞానదీపమును జూపవలెననియు నాతని కుపదేశించును. గురువు శిష్యునివలనఁ గోరిన దక్షిణ యదియే. తీసికొన్నదానిని దిరిగి గురువునకే యీయనక్కఱలేదు. దారిలో నున్నవారికి నీయవలెను.

విశ్వనాథవారి గురుస్తుతి వేఱొక జాతిది. రామాయణకల్పవృక్షావతారికయందుఁ దన వంటి శిష్యుఁడు గలుగు భాగ్యము నన్నయతిక్కనలకైన లేదనియు, అది చెళ్ళపిళ్ళవారికే గలిగినదనియు నాయన చెప్పుకొనిరి. ఆంధ్రపాఠకలోకమున నింతగఁ బ్రచారము పొందిన గురుస్తుతి మఱియొకటి లేదనవచ్చును. ఇది గురుస్తుతియా, ఆత్మస్తుతియా యను వివాదమును దీనితోడనే పుట్టినది. శిష్యుని గొప్పతనమే గురువునకు భోగమని చెప్పుట సంప్రదాయవిరుద్ధము గాదు. శిష్యునివలన నోటమిని గోరవలెనను లోకోక్తియు నట్టిదే. తన కావ్యముయొక్క కీర్తిలో గురువునకుఁ బాలుండవలెనను సదుద్దేశమును నందుఁ గలదు. అయిన నీ వ్యాసమునఁ జేసిన విభాగమును బట్టి యది స్తుతియేగాని ఋణకథనము గాదు. వేంకటశాస్త్రిగారివలన విశ్వనాథవారు పొందిన దేది – ధారయా, ప్రయోగసాహసమా, సభలో నిలువఁగల ధైర్యమా – అని యాపద్యము నడిగినచో నది యుత్తరమీయదు. ఆ యుత్తరమును గావ్యమునుండి విమర్శకుఁడు వెదకి తీయవలసినదే.

గురువులకు ఋణపడియు వారి మార్గమును విడిచినవారి స్థితి మఱింత చిక్కైనది. 1891లోఁ బొలమూరులో వైదికకుటుంబమునఁ బుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు సంస్కృతవిద్యలో నిలువవలెనని పెద్దలు కోరిరి. ఆయన తెలుఁగువచనమును, కథారచనను జేపట్టిరి. అనుభవాలూ జ్ఞాపకాలూనూ అను నాయన స్వీయచరిత్రయందు గోదావరీమండలములోని పండితగృహముల జీవితము, విద్యార్థుల వర్తనము, గురువుల స్వభావము విస్తరించి వర్ణింపఁబడినవి. అందుఁ బూజ యున్నది, పరిహాసమున్నది, భేదాభిప్రాయమును దాఁచకుండుటయు నున్నది. గురువు చెప్పిన దారిని నడువనివాఁడు కృతఘ్నుఁడను మాట కీ గ్రంథమే సమాధానము. సంస్కృతపాఠమున గడించిన శబ్దజ్ఞానమును, వాక్యమును దూఁచి పలుకు నలవాటును దెలుఁగుకథలోఁ బ్రవేశపెట్టుట గురుఋణమును వేఱొక నాణెమున దీర్చుటయే.

ఇంతవఱకుఁ జెప్పినవారిలో మొల్లనుఁ దక్కఁ దక్కినవా రెల్ల గురుకులముయొక్క తలుపు తమకుఁ దెఱచియున్నవారు. కాలము మాఱినకొలఁదిఁ బండితలోకమును గొంత మాఱినది. వేంకటశాస్త్రిగారే జాషువకవి పాదమునకు గండపెండేరమును దొడిగి గౌరవించిన సంగతి ప్రసిద్ధము. కాని యేకలవ్యుని ప్రశ్నకు సూటియైన సమాధానము కోనసీమనుండియే రావలసియుండెను. నగరమను గ్రామమునకు మండలకేంద్రమైన మామిడికుదురులో 1911లో బోయి భీమన్నగారు జనించిరి. వైనతేయకుఁ దూర్పున నందంపూడి, పడమట మామిడికుదురు. ఒకయొడ్డునఁ బండితున కగ్రహారము దొరకి యెనిమిదివందలయేఁబది యేండ్లు దాఁటుచుండఁగా రెండవయొడ్డునఁ బాలేరుబిడ్డకు బడి దొరకుట యింకను బోరాటముగనే యుండెను.

భీమన్నగారు కొంతకాల ముపాధ్యాయులుగఁ బనిచేసిరి. వారి పాలేరు నాటకమున వెంకన్నయను పాలేరు కుఱ్ఱవాఁడొక యుపాధ్యాయుని తోడ్పాటుతో దాస్యమునుండి బయల్పడి, చదివి, డిప్యూటీ కలెక్టరగును. ఈ నాటకమును జూచి పిల్లలను బడికిఁ బంపినవా రనేకులని చెప్పుదురు. కథాసంవిధానమున సులభమైన మలుపు లున్నవనియు, బ్రతుకులో నింత త్వరగ ఫలము చేకూరదనియు విమర్శింపవచ్చును. ఆ విమర్శ న్యాయమే. కాని గురుశిష్యసంబంధము విషయమున నీ నాటకము చేసిన పని గొప్పది. ద్రోణుఁడు తలుపు మూసి వ్రేలు కోరెను. ఈ యుపాధ్యాయుఁడు తలుపు తెఱచి, తనకేమియుఁ గోరక, శిష్యునిఁ దనకు దూరముగఁ జదువునకుఁ బంపెను. పాలేరు పోయిన యధికారి వచ్చుటయే యిక్కడి గురుదక్షిణ. తరువాతఁ దన జీవితచరిత్రకు భీమన్నగారు పాలేరు నుండి పద్మశ్రీ వరకు అని పేరుపెట్టిరి. ఆ నాటకము పేరే యాయన జీవితప్రయాణమునకుఁ దొలిమెట్టుగ నిలిచినది. 1973లోఁ బద్మశ్రీయు, 2001లోఁ బద్మభూషణమును వారికి లభించినవి.

కృతజ్ఞత విమర్శకు శత్రువని యాక్షేపించువా రుండవచ్చును. గురువు తప్పులను శిష్యుఁడు కప్పిపుచ్చుననియు, శిష్యపరంపరలు ముఠాలై సత్యమును మఱుఁగుపఱచుననియు వారి వాదము. ఆంధ్రసాహిత్యకలహములను జదివినవా రీ వాదమును దోసిపుచ్చఁజాలరు. వేమనపేరఁ బ్రచారములో నున్న పద్యములు దొంగగురువులను దూఱుటయు నూరక పుట్టినది కాదు. కాని యీ దోషము స్తుతికి సంబంధించినది. స్తుతికి మేర లేదు గనుక నది యసత్యమునకుఁ జోటిచ్చును. ఋణకథనమునకు మేర గలదు. ఇంత పొందితినని చెప్పువాఁ డంతకు మించినది పొందలేదని కూడఁ జెప్పినట్లే. గురువు వ్యాకరణమున ఘనుఁడు, కవిత్వమునఁ గాఁడు అని చెప్పఁగల శిష్యుఁడు గురుద్రోహి కాఁడు. ఆతని మెప్పునకే విలువ యెక్కువ.

1962 మొదలు సర్వేపల్లి రాధాకృష్ణపండితుని జన్మదినమైన సెప్టెంబరు 5వ తేది మనదేశమున నుపాధ్యాయదినోత్సవముగ నడచుచున్నది. నాఁడు పాఠశాలలయందు జరుగు ప్రసంగము లవతారికలలోని గురువందనమునకు వారసులు. అవి వలదనుట గాదు. కాని యా దినమున బ్రతివిద్యార్థియుఁ దన యుపాధ్యాయునివలన నేర్చిన యొక్క విషయమును బేరుపెట్టి చెప్పఁగలిగిన నా యుత్సవము సార్థకమగును. భాషాపండితులు విద్యార్థుల కీ వ్యాసరచన నప్పగించుట మేలు: మహిమావర్ణనము వలదు, నేర్చిన దొక్కటి వ్రాయుము.

పండితులకును బరిశోధకులకును గల కర్తవ్యము మఱికొంత పెద్దది. తమ గురువులను గూర్చి వ్రాయునపుడు నాలుగు సంగతులు తప్పక చెప్పవలెను. ఏ గ్రంథ మెంతవఱకుఁ జదివినది. గురువు పాఠము చెప్పిన పద్ధతి యెట్టిది. శిష్యుని యే తప్పు దిద్దఁబడినది. శిష్యుఁ డెక్కడ గురువుతో వేఱుపడెను. ఈ నాలుగును జెప్పినచో బృహస్పతి యను మాట లేకున్నను గురువుమూర్తి నిలుచును. వానితోపాటు మొదటి గురువును మఱవరాదు. శాస్త్రము చెప్పిన మహాపండితుని పేరు పీఠికలో నుండును; వ్రేలు పట్టుకొని యిసుకలో నోనమాలు దిద్దించిన వీథిబడి పంతులుగారి పేరెక్కడను గానరాదు. ఆయన చెప్పినది మిక్కిలి తక్కువ. అది లేనిది తక్కినది రాదు.

నగరమువంటి గ్రామములయందును, గోదావరికిరువైపుల నున్న యగ్రహారములయందును, పేటలయందును బాఠము చెప్పి గ్రంథము వ్రాయక గతించినవారిని గూర్చి తెలిసిన వృద్ధశిష్యు లిప్పటికిని గొందఱున్నారు. వారి స్మృతులను బ్రోగుచేయుట తాళపత్రముల నేరుకొనుటకంటెఁ దక్కువ పని గాదు. తాళపత్రము చెదలకుఁ జిక్కునంతదాఁక నుండును. స్మృతి మనుష్యునితోనే పోవును. గురువు పేరు, ఆయన చెప్పిన పాఠము, ఆ పాఠమువలన మాఱిన బ్రతుకు – ఈ మూఁడును గాగితముమీఁదికి వచ్చిననాఁడు గురుఋణమునఁ గొంతభాగము తీఱును. మిగిలినది తరువాతివానికిఁ బాఠము చెప్పుటవలననే తీఱవలెను.